అప్పలరాజు పేరుకీ అప్పుకీ ఏ సంబంధమూ లేదు

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ మామగారి పేరు అప్పలరాజు. బాబు పుట్టకముందే ఆయన కాలం చేశారు. మీవారు తండ్రి పేరే కొడుక్కి పెట్టాలంటున్నారు. మీది గుంటూరు వైపు కాబట్టి మీ చుట్టాల్లో ఈ పేరు ఎక్కడా వినలేదు. రేపు బడిలో పిల్లలు "అప్పు, అప్పు" అని ఏడిపిస్తారేమోనని మీ టెన్షన్. అసలు ఈ పేరుకి అర్థం ఏమిటి, ఎక్కడ పుట్టింది, ఈ రోజుల్లో ఎవరైనా పెడుతున్నారా అని అడిగారు.

సూటిగా చెబుతాను. అప్పల అనే మాటకీ, బాకీ అనే అర్థమున్న అప్పుకీ ఏ సంబంధమూ లేదు. అప్ప అంటే తండ్రి, ఇంటికి పెద్దదిక్కు. సింహాచలం కొండ మీది వరాహ లక్ష్మీనరసింహస్వామిని మా ఉత్తరాంధ్ర జనం ప్రేమగా "అప్పన్న" అని పిలుచుకుంటారు. ఆ అప్పన్న పేరే అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనాయుడు అయింది. మీ బాబుకి నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. కాకపోతే రాతకోతల్లో కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి, అవి చివర్లో చెబుతాను.

నేను విజయనగరం జిల్లా హైస్కూళ్లలో 31 ఏళ్లు తెలుగు పండితుడిగా పనిచేశాను. ప్రతి జూన్‌లో అడ్మిషన్ రిజిస్టరు రాసే పని నాదే. పదో తరగతి నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితాలో, పేర్లు సరిచూసే పని కూడా నాకే వచ్చేది. ఈ పేరుని నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఒక ఏడు ఒకే సెక్షన్లో నలుగురు అప్పలరాజులు ఉండేవారు. ఇంటిపేర్లు కూడా ఇద్దరివి ఒకటే కావడంతో పిల్లలే వాళ్లకి "చెరువుగట్టు అప్పలరాజు", "కొత్తపేట అప్పలరాజు" అని పేర్లు కట్టేశారు. హాజరు పిలిచేటప్పుడు నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

ముందు మాట సంగతి. అప్ప అచ్చమైన ద్రావిడ పదం. తమిళులు తండ్రిని అప్పా అంటారు, కన్నడిగులు అప్ప అంటారు. తమిళ శైవ భక్తుల్లో తిరునావుక్కరసర్ అనే మహానుభావుణ్ణి బాలుడైన సంబంధర్ "అప్పా" అని పిలిచాడట. అప్పటి నుంచి ఆయన పేరే అప్పర్ అయింది. 12వ శతాబ్దంలో బసవేశ్వరుడి వెంట ఉన్న శరణుల్లో, అంటే శివభక్తుల్లో, హడపద అప్పణ్ణ అని ఒకాయన ఉన్నాడు. కాబట్టి అప్పన్న అనే పేరు సింహాచలానికే పుట్టింది కాదు, దక్షిణాదిలో చాలా పాతది. మన తెలుగులో అప్ప అనే మాట పేరు చివర గౌరవానికి చేరుతుంది: వెంకటప్ప, తిమ్మప్ప, వీరప్ప. రాయలసీమలో ఇది మరీ ఎక్కువ.

తెలుగులో ఇంకో విశేషం ఉంది. నిఘంటువులు అప్పకి తండ్రి అనే కాదు, తల్లి, అక్క అనే అర్థాలు కూడా ఇస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇప్పటికీ చాలా ఇళ్లలో అక్కని "అప్ప" అనే పిలుస్తారు. మీ అత్తవారింట్లో ఎవరైనా అలా పిలవడం మీరు వినే ఉంటారు. అంటే మనల్ని ఎత్తుకుని పెంచిన పెద్దవాళ్లు ఎవరైనా సరే అప్పే. అప్ప, అన్న, అమ్మ, అయ్య ఒక కుదురు మాటలు. అప్పన్న అన్నప్పుడు రెండు ఆప్యాయతలు ఒకే పేరులో కలిశాయి.

అప్పు వేరే మాట. అప్పం, అప్పచ్చి అనే పిండివంటల మాటలు కూడా వేరే. చెవికి ఒకేలా వినిపిస్తాయి, అంతే. కన్నడ దేశంలో చూడండి, అప్పు అని ముద్దుగా పిలిపించుకోవడం వాళ్లకి గొప్ప. కన్నడ సినిమా హీరో పునీత్ రాజ్‌కుమార్‌ని లక్షలమంది అభిమానులు "అప్పు" అనే పిలుచుకున్నారు.

ఇక కొండ సంగతి. విశాఖపట్నం పక్కనే సింహాచలం. గుడిలో 11వ శతాబ్దం చివరి నాటి కులోత్తుంగ చోళుడి కాలపు శాసనం ఉంది. ఇప్పుడు మనం చూస్తున్న గుడి కట్టడం చాలావరకు 13వ శతాబ్దంలో తూర్పు గంగరాజు నరసింహదేవుడి కాలం నాటిది. కళింగ దండయాత్ర సమయంలో, 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి స్వామికి నగలు సమర్పించినట్టు శాసనం ఉంది. గోడల మీద, స్తంభాల మీద తెలుగు, సంస్కృతం, ఒడియా, తమిళ శాసనాలు ఉన్నాయి. ఇన్ని భాషలవాళ్లు ఎక్కిన కొండ అది.

రాజులు శాసనాల్లో పెద్దపెద్ద సంస్కృత నామాలు చెక్కించారు. కింద పల్లెల్లో నాగలి పట్టేవాడికీ, పడవ నడిపేవాడికీ ఆ దేవుడు అప్పన్నే. ఏడాది పొడవునా స్వామి చందనం పూతలో ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు, అంటే అక్షయ తృతీయ నాడు మాత్రం ఆ చందనం తీసి నిజరూప దర్శనం ఇస్తారు. ఆ ఒక్కరోజు దర్శనం కోసం శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ జనం ముందురోజే కొండ కిందికి చేరతారు. మళ్లీ ఆషాఢ పున్నమికి గిరి ప్రదక్షిణ, కొండ చుట్టూ ఇంచుమించు 32 కిలోమీటర్లు. మా అమ్మ చెప్పులు లేకుండా నడిచేది. నేను కూడా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ నడిచాను.

పేర్లు ఇంతగా ఎందుకు వ్యాపించాయంటే, మొక్కు వల్ల. గుడిలో కప్పస్తంభం అని ఒకటి ఉంది. భక్తులు స్వామికి కప్పం చెల్లించే చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. అది సంతాన గోపాల యంత్రం మీద నిలిపిన స్తంభమని నమ్మకం. పిల్లల్లేనివాళ్లు వచ్చి దాన్ని కౌగిలించుకుని మొక్కుకుంటారు. బిడ్డ పుడితే నీ పేరు పెట్టుకుంటాం, నీ కొండ మీద పుట్టువెంట్రుకలు తీయిస్తాం అని. కొందరు కోడెదూడని ఇస్తామని మొక్కుకుంటారు. పుట్టిన బిడ్డ మగైతే అప్పలరాజో అప్పన్నో సింహాద్రో, ఆడైతే అప్పలమ్మో అప్పలనర్సమ్మో అవుతుంది. పుట్టిన పిల్లలు దక్కక దక్కక ఒకడు దక్కిన ఇళ్లలో ఈ పేరు మరీ తప్పనిసరి. మా వీధిలో ఒక ముసలమ్మ కొడుకు గురించి ఎప్పుడు మాట్లాడినా "అప్పన్న ఇచ్చినోడు" అనేది, పేరు పెట్టి పిలవడం కన్నా అదే ఎక్కువ.

మీ అత్తగారిని కాస్త కూర్చోబెట్టి అడగండి. మీ మామగారికి ఆ పేరు ఎవరు, ఎందుకు పెట్టారో. నా అనుభవంలో ప్రతి అప్పలరాజు వెనకా ఇలాంటి ఒక కథ ఉంటుంది. అది మీ బాబుకి పేరుతో పాటు అందాల్సిన ఆస్తి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే రాసి పెట్టుకోండి.

ఈ ఒక్క దేవుడి చుట్టూ ఎన్ని పేర్లు అల్లుకున్నాయో చూడండి. అప్పన్న, అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలసూరి, అప్పలకొండ, అప్పలనరసయ్య, అప్పలాచార్యులు. కొండ పేరుతో సింహాచలం, సింహాద్రి. వీటిలో సింహాచలం నాకు చాలా ఇష్టమైన పేరు, ఎందుకంటే అది ఆడవాళ్లకీ మగవాళ్లకీ కూడా పెడతారు. నా రిజిస్టర్లో ఒకే ఇంట్లో తల్లి పేరూ సింహాచలమే, పిల్లాడి పేరూ సింహాచలమే ఉన్న సందర్భం ఉంది. పై ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన హెడ్మాస్టరు పొరపాటు పడ్డానేమోనని నన్ను పిలిచి అడిగారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అప్పారావు అనగానే సింహాచలం అనుకోకూడదు. అప్పారావు కృష్ణా, గోదావరి జిల్లాల్లో కూడా పాత పేరు. నూజివీడు జమీందార్ల వంశంలో అప్పారావు తరతరాలుగా వస్తున్న పేరు. భావకవి బసవరాజు అప్పారావు బెజవాడ పటమటవాడు. మాకు మాత్రం అప్పారావు అంటే ముందు గుర్తొచ్చేది 1862లో పుట్టిన గురజాడ. ఆయన పూర్తి పేరు గురజాడ వెంకట అప్పారావు. కాబట్టి అప్పారావు తెలుగునేల అంతటిదీ. "అప్పల" అని మొదలైతే మాత్రం తొంభై పాళ్లు మనిషి మూలం ఉత్తరాంధ్రే అనుకోవచ్చు.

మీరు అడగలేదు గానీ, చాలామంది మనసులో ఉండే ప్రశ్న కాబట్టి చెబుతున్నాను. ఈ పేరు ఒక కులానిది కాదు. మా బడిలో రైతుల పిల్లలు, జాలరుల పిల్లలు, దళితవాడ పిల్లలు, నేతగాళ్ల పిల్లలు, పూజారిగారి అబ్బాయి కూడా ఈ కుదురు పేర్లతోనే ఉండేవారు. అప్పలరాజులో "రాజు" కులాన్ని చెప్పదు, అది దేవుణ్ణి రాజని పిలుచుకోవడం. చివర "నాయుడు" ఉంటే కొంత ఊహించవచ్చేమో. పేరు చూసి ఊరు ఎటువైపుదో చెప్పగలం, కులం చెప్పలేం. ఈ గుణం ఉన్న పేర్లు మనకి ఎక్కువ లేవు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. బ్రిటిషు కాలంలో మా ప్రాంతం నుంచి బర్మాకి, మారిషస్‌కి, దక్షిణాఫ్రికాకి కూలీలుగా వెళ్లినవాళ్లు ఎందరో. ఓడెక్కినప్పుడు గుమాస్తాలు వాళ్లు చెప్పిన ఒంటి పేరే రాసుకున్నారు. తర్వాత తరాలకి ఆ తాత పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది. అందుకే మారిషస్‌లో అప్పన్న, అప్పడు అనే ఇంటిపేర్లు ఉన్నాయి, దక్షిణాఫ్రికాలో అప్పలసామి ఉంది. ఫ్రెంచిలో రాసే మారిషస్ రచయిత్రి నతాషా అప్పన్న తెలుగు కూలీల వంశంలోనిదే. ఓడెక్కి వెళ్లినవాళ్ల మునిమనవలకి తెలుగు రాకపోవచ్చు, ఆ పేరు మాత్రం మిగిలింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా అన్న ప్రశ్నకి వస్తాను. నిజం చెప్పాలి: చాలా తగ్గింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి తరగతిలో ఇద్దరు ముగ్గురు ఉండేవారు. రిటైరయ్యే నాటికి తండ్రి పేరు గడిలో అప్పలరాజు, పిల్లాడి పేరు గడిలో తేజ, సాయి, కార్తీక్. నూకరాజు, పైడిరాజు, సన్యాసిరావు కూడా ఇదే దారి. నూకరాజు అనకాపల్లి నూకాలమ్మ పేరు, పైడిరాజు విజయనగరం పైడితల్లి పేరు. ఊరి దేవత పేరు పిల్లాడికి పెట్టుకోవడమే తగ్గిపోయింది.

కారణాలు నేను చూసినంతలో రెండు. ఇంగ్లిషు మీడియం బళ్లు వచ్చాక పొట్టి పేర్లు కావాలనిపించింది. దానికన్నా బలమైనది సినిమా. పనివాడి పాత్రకీ, అమాయకుడి పాత్రకీ అప్పలకొండ అనో అప్పలరాజు అనో పేరు పెట్టి, మా యాస పలికించి నవ్వించారు. పేరుతో పాటు ప్రాంతాన్నీ చిన్నబుచ్చారు. మా పిల్లలు పట్నం కాలేజీలకి వెళ్లి పేరు చెప్పడానికి సిగ్గుపడటం నేను కళ్లారా చూశాను. ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం.

పేరు మనిషిని ఎక్కడా ఆపలేదు. సీదిరి అప్పలరాజు డాక్టరు చదివి, 2019లో పలాస నుంచి ఎమ్మెల్యేగా గెలిచి మంత్రి అయ్యారు. కలిశెట్టి అప్పలనాయుడు 2024లో విజయనగరం నుంచి పార్లమెంటుకి వెళ్లారు. ఉత్తరాంధ్ర బతుకుని కథల్లో పెట్టిన అట్టాడ అప్పల్నాయుడు పేరు మా యాసలో పలికినట్టే "ల్నా" అని రాసుకుంటారు. మీ బాబు పెద్దయ్యాక చూపించడానికి మనుషులు ఉన్నారు.

ఏడిపిస్తారా అంటే, ఏడిపించవచ్చు. లేదని నేను అబద్ధం చెప్పను. ఒకసారి తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు స్టాఫ్ రూముకి వచ్చి, "మాస్టారూ, నా పేరు రాజేష్ అని రాసేయండి" అన్నాడు. ట్యూషన్లో ఎవరో అప్పు తీర్చవా అన్నారట. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, ఒక పీరియడ్ అంతా అప్ప అనే మాట గురించి చెప్పాను. ఎవరింట్లో అక్కని అప్ప అంటారో చేతులెత్తమంటే సగం తరగతి ఎత్తింది. ఆ తర్వాత ఆ వెక్కిరింపు ఆగింది. అయినా ఆ అబ్బాయి ఇంజనీరింగ్ అయ్యాక గెజిట్‌లో వేయించి రాజేష్ అయ్యాడు. వాడి మీద నాకు కోపం లేదు. ఇంటికొస్తే వాళ్లమ్మ ఇప్పటికీ "అప్పలా" అనే పిలుస్తుంది, వాడూ పలుకుతాడు. మీ బాబుకి మాటలొచ్చిన కొత్తలోనే పేరు అర్థం చెప్పి ఉంచండి. ఎవరైనా అడిగితే "మా తాత పేరు, అప్ప అంటే నాన్న" అని ఒక్క ముక్కలో చెప్పగలిగిన పిల్లాణ్ణి ఎక్కువ రోజులు ఏడిపించలేరు.

మీకు పూర్తిగా మనసొప్పకపోతే బలవంతంగా ఒప్పుకోవద్దు. రోజుకి వందసార్లు పిలిచేది తల్లి, ఆ పేరు పలికేటప్పుడు తల్లికి ఇష్టం ఉండాలి. మధ్యేమార్గాలు ఉన్నాయి. సింహాద్రి పెట్టవచ్చు, చాలా నిండైన పేరు. నరసింహ ఉండనే ఉంది. స్వామి చందనం తలుచుకుని చందన్ అని పెట్టుకున్నవాళ్లు కూడా నాకు తెలుసు. ఒక్కటి మాత్రం నాకు నచ్చదు: అప్పలరాజు అని పెట్టి, దాన్ని ఇంగ్లిషులో ఒక పొడి అక్షరంగా కుదించి ముందు దాచేయడం. పెడితే నిండుగా పెట్టండి.

మామగారి పేరు పెట్టి పిలవడం ఎలా అని మీరు లోపల సందేహిస్తూ ఉండవచ్చు. మా వైపు కోడళ్లు మామగారి పేరు నోటితో అనరు. అందుకే తాత పేరున్న పిల్లాడిని ఇంట్లో తాతబాబు, తాతాజీ, అబ్బులు అని పిలుస్తారు. తాతారావు అనే పేరు చాలా చోట్ల అలా వచ్చిందే. మీరూ ఒక ముద్దుపేరు పెట్టుకోండి, మీ అత్తగారికీ పిలవడానికి వీలుగా ఉంటుంది.

ఇక కాగితాల సంగతి. ఇది నా పొరపాటు వల్ల నేర్చుకున్నది. ఒక పిల్లాడి పేరు రిజిస్టర్లో "అప్పల రాజు" అని రెండు మాటలుగా రాశాను. పదో తరగతి సర్టిఫికెట్ అలాగే వచ్చింది. ఆధార్‌లో ఒకే మాటగా ఉంది. పాస్‌పోర్టుకి వెళ్లేసరికి రాజు ఇంటిపేరైపోయింది. అఫిడవిట్లు, ఆఫీసుల చుట్టూ తిరగడం, ఉద్యోగానికి వెళ్లాల్సిన తేదీ దాటిపోవడం, అన్నీ నేను వదిలిన ఒక్క ఖాళీ వల్ల. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ తప్పు నాదే. అందుకని,

ఒకే మాటగా రాయించండి. తెలుగులో అప్పలరాజు. ఇంగ్లిషులో రెండు "పి"లు, ఒకే "ఎల్", మధ్యలో ఖాళీ లేకుండా. ఇంటిపేరుని పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి.

జనన ధృవీకరణ పత్రంలోనే సరిగ్గా పడాలి. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయాలి గానీ, అప్పటికి పేరు ఖాయం కాకపోతే కంగారు పడనక్కర్లేదు. పేరు గడి ఖాళీగా ఉంచి, ఏడాదిలోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాతైతే కొంత రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంటుంది. ఆ పత్రం చూసే ఆధార్, దాన్ని చూసే బడి రిజిస్టరు రాయించండి. బడిలో చేర్చే రోజు రిజిస్టర్లో రాసింది మీ కళ్లతో చదివాకే సంతకం పెట్టండి.

బారసాల నాడు బియ్యంలో పేరు రాసేటప్పుడు కూడా నిండు పేరే రాయించండి. మీ అత్తగారు దగ్గరుంటే ఆవిడ చేతే రాయించండి. భర్త పేరు నోటితో అనని మనిషి ఆ ఒక్కరోజు వేలితో రాస్తారు.